శబ్దంతో మెదడు లయ మారుతుందా? బ్రెయిన్‌వేవ్ ఎంట్రైన్‌మెంట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూట్యూబ్‌లో "ఆల్ఫా తరంగాలు, సూపర్ ఏకాగ్రత" అనో "డెల్టా మ్యూజిక్, 5 నిమిషాల్లో గాఢనిద్ర" అనో వీడియోలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. పరీక్షల సీజన్లో పిల్లలు, నిద్ర పట్టని పెద్దలు వీటిని వెతుక్కుంటూ వెళ్తారు. వాటి వెనక నిజమైన శాస్త్రం కొంత ఉంది, దాని మీద కట్టిన మేడలు చాలా ఉన్నాయి. ఏది ఎంతవరకో ఇక్కడ చూద్దాం.

బ్రెయిన్‌వేవ్ అంటే ఏమిటి?

మెదడులోని నాడీకణాల మధ్య ఎప్పుడూ విద్యుత్ సంకేతాలు నడుస్తూనే ఉంటాయి. ఒక్క కణం చేసే సందడి బయటికి తెలియదు. లక్షల కణాలు ఒకే తాళంలో పనిచేసినప్పుడు మాత్రం తలమీద అంటించిన ఎలక్ట్రోడ్లకు ఆ హెచ్చుతగ్గులు అందుతాయి. అలా గీసిన రికార్డునే ఈఈజీ అంటాం. అందులో కనిపించే అలలే బ్రెయిన్‌వేవ్స్. వాటి బలం మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పదిలక్షల వంతుల్లో ఉంటుంది. కనురెప్ప కొడితే వచ్చే సంకేతం కూడా వాటిని మించిపోతుంది.

మనిషి ఈఈజీని మొదట రికార్డు చేసింది జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే సైకియాట్రిస్టు, 1924లో. ఆయన ఐదేళ్లు దాన్ని గుట్టుగా ఉంచి 1929లో ప్రచురించాడు. చాలామంది పట్టించుకోలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో నోబెల్ గ్రహీత ఎడ్గర్ ఏడ్రియన్, ఆయన సహచరుడు మాథ్యూస్ అదే ప్రయోగం చేసి అవునని తేల్చాక గానీ లోకం నమ్మలేదు.

ఆల్ఫా, బీటా, థీటా అంటారు కదా, ఏది ఎప్పుడు వస్తుంది?

సెకనుకు ఎన్ని అలలు అన్నదాన్ని బట్టి పెట్టిన పేర్లు ఇవి. 4 హెర్ట్జ్ లోపు డెల్టా, గాఢనిద్రలో ఎక్కువ. 4 నుంచి 8 థీటా, కునుకు పట్టే వేళ కనిపిస్తుంది. 8 నుంచి 13 ఆల్ఫా, మెలకువగా కళ్లు మూసుకున్నప్పుడు తల వెనక భాగంలో బాగా కనిపిస్తుంది. 13 నుంచి 30 బీటా, ఆ పైన గామా. ఈ హద్దులు పుస్తకానికో రకంగా కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. థీటా అంటే ధ్యానం, ఆల్ఫా అంటే ప్రశాంతత, గామా అంటే మేధస్సు అని ఒక పట్టిక ఇంటర్నెట్టంతా తిరుగుతోంది. అసలు సంగతి ఏమిటంటే అన్ని రకాల అలలూ అన్ని వేళలా ఉంటాయి, పాళ్లు మారతాయి అంతే. జ్ఞాపకశక్తికి పని పెట్టినప్పుడు థీటా పెరుగుతుంది, అప్పుడు మనిషి ధ్యానంలో ఏమీ లేడు. ఈఎంఐ గురించి దిగులుపడుతూ కళ్లు మూసుకున్నవాడికీ ఆల్ఫా వస్తుంది. కారు వేగంగా పోతే స్పీడోమీటర్ ముల్లు లేస్తుంది, నిజమే. వేలితో ముల్లును లేపితే మాత్రం కారు కదలదు. బ్రెయిన్‌వేవ్‌కీ మానసిక స్థితికీ సంబంధం మరీ ఇంత ఏకపక్షం కాదు గానీ, వీడియోల వాళ్లు అమ్మేది ఎక్కువగా ముల్లును లేపే పనే.

మరి ఎంట్రైన్‌మెంట్ అంటే?

బయటినుంచి ఒక లయ పదేపదే అందుతుంటే మెదడులోని అలలు ఆ లయతో కాలు కలపడం. ఇది కల్పన కాదు. 1934 నాటి ఆ కేంబ్రిడ్జ్ ప్రయోగాల్లోనే మిణుకుమిణుకుమనే వెలుగు చూపిస్తే ఈఈజీ ఆ వేగాన్ని అందుకోవడం కనిపించింది. శబ్దం విషయంలో 1981లో గలాంబోస్ బృందం సెకనుకు 40 సార్లు చిన్న శబ్దాలు వినిపిస్తే ఈఈజీలో సరిగ్గా 40 హెర్ట్జ్ అల బలంగా లేస్తుందని చూపించింది.

ఈ విషయం మీద ఇప్పుడు ఆస్పత్రుల్లో ఒక పరీక్షే నడుస్తోంది. నెలల బిడ్డకు చెవులు వినిపిస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? బిడ్డ నోటితో చెప్పలేదు. అందుకని పాలు పట్టి, నిద్రపుచ్చి, తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో సెకనుకు 80 నుంచి 100 సార్లు హెచ్చుతగ్గులయ్యే స్వరాన్ని వినిపిస్తారు. ఈఈజీలో అదే వేగంతో అల కనిపిస్తే ఆ శబ్దం మెదడుదాకా చేరినట్టే. ఏఎస్ఎస్ఆర్ టెస్ట్ అంటే ఇదే.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ వేగం గామా పరిధిలోది. బిడ్డ మాత్రం హాయిగా నిద్రపోతూనే ఉంటుంది! మెదడు ఒక లయను అనుసరించింది కాబట్టి ఆ లయ పేరున్న మానసిక స్థితిలోకి వెళ్లిపోయింది అనుకోవడానికి లేదు. ఈ పేజీలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

బైనారల్ బీట్స్ అంటే ఏమిటి?

ఎడమ చెవికి 200 హెర్ట్జ్ స్వరం, కుడి చెవికి 210 హెర్ట్జ్ స్వరం విడివిడిగా వినిపిస్తే, రెంటికీ తేడా అయిన 10 హెర్ట్జ్ వేగంతో శబ్దం అదురుతున్నట్టు అనిపిస్తుంది. గాలిలో ఆ అదురు లేదు, ఏ చెవిలోనూ లేదు. రెండు చెవుల సంకేతాలూ మెదడు కాండంలో ఒకచోట కలిసినప్పుడు పుడుతుంది. శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో పట్టుకునే యంత్రాంగం అక్కడే ఉంటుంది. రెండు చెవులకూ శబ్దం చేరే కాలంలో ఉన్న సూక్ష్మమైన తేడాను అది లెక్కగడుతుంది. ఆ లెక్కకు దొరికిన వింత ఫలితమే ఈ బీట్.

ప్రష్యాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త హెన్రిక్ విల్హెల్మ్ డోవ్ 1839లోనే దీన్ని కనిపెట్టాడు. 1973లో గెరాల్డ్ ఆస్టర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంతో మళ్లీ అందరి నోళ్లలో పడింది. అదే దశాబ్దంలో అమెరికాలో రాబర్ట్ మన్రో దీని మీద క్యాసెట్ల వ్యాపారం మొదలుపెట్టాడు. ఇప్పుడు యాప్‌లలో చూస్తున్నదంతా దాని కొనసాగింపే.

రెండు షరతులున్నాయి. స్వరాలు సుమారు 1000 నుంచి 1500 హెర్ట్జ్ లోపు ఉండాలి, తేడా 30 హెర్ట్జ్ దాటకూడదు. తేడా మరీ పెరిగితే అదురు పోయి, రెండు వేర్వేరు స్వరాలుగా వినిపిస్తాయి.

ఇంట్లో తయారుచేసి చూడొచ్చా?

తప్పకుండా చూడండి. డబ్బులు పెట్టి కొన్న ట్రాకుల కన్నా దీంతోనే ఎక్కువ అర్థమవుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ఒక ట్రాకులో 200 హెర్ట్జ్ టోన్ పెట్టి పూర్తిగా ఎడమకు తిప్పండి. రెండో ట్రాకులో 203 పెట్టి పూర్తిగా కుడికి తిప్పండి. వాల్యూమ్ బాగా తగ్గించి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. సెకనుకు మూడుసార్లు మెల్లగా ఉబ్బి తగ్గుతున్నట్టు, శబ్దం తల మధ్యలో ఎక్కడో ఊగుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఒక ఇయర్‌ఫోన్ తీసేయండి. ఊగడం టక్కున ఆగి చప్పగా ఒక్క స్వరమే మిగులుతుంది. మళ్లీ పెట్టుకుంటే మళ్లీ ఊగుతుంది.

ఆ తర్వాత 203ని 210 చేయండి. ఊగడం కాస్తా గరగరగా మారుతుంది. 240 చేస్తే గరగర కూడా పోయి రెండు చెవుల్లో రెండు స్వరాలు.

మోనారల్ బీట్స్, ఐసోక్రానిక్ టోన్స్ వేరేనా?

వేరే. మోనారల్‌లో రెండు స్వరాలూ బయటే కలిసిపోతాయి, అదురు గాలిలోనే ఉంటుంది. వీణకో తంబురకో శృతి చేసేవాళ్లకు ఇది రోజూ ఉండేదే. రెండు తీగలు దాదాపు కలిసి, ఇంకా పూర్తిగా కలవనప్పుడు "వ్వం వ్వం" అని ఒక ఊపు వస్తుంది. బిరడా తిప్పుతుంటే ఆ ఊపు నెమ్మదించి, శృతి కలవగానే మాయమవుతుంది. ఐసోక్రానిక్ అంటే ఒకే స్వరాన్ని లెక్క ప్రకారం ఆపి వదలడం, టక్ టక్ టక్ అని.

ఈఈజీ మీద ప్రభావం చూస్తే మోనారల్ బీట్‌కే ఎక్కువ బలం. రెండింటినీ పోల్చిన 2020 నాటి ఒక అధ్యయనంలో మోనారల్ బీట్స్‌కు మెదడు స్పందన స్పష్టంగా ఎక్కువ వచ్చింది. మనసు స్థితిలో మాత్రం దేనివల్లా మార్పు కనిపించలేదు. ప్రచారమంతా బైనారల్‌కే ఎందుకంటే, "మెదడులోనే పుట్టే శబ్దం" అన్న మాటకు ఉన్న ఆకర్షణ అలాంటిది.

ఇంత తతంగం ఎందుకు? 10 హెర్ట్జ్ శబ్దాన్నే నేరుగా వినిపించొచ్చుగా?

మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ కిందిది స్వరంగా వినిపించదు. అందుకే వినిపించే స్వరం మీద ఆ లయను ఎక్కిస్తారు.

ఇంతకీ పనిచేస్తుందా? పరిశోధనలు ఏమంటున్నాయి?

రెండు ప్రశ్నల్ని విడదీయాలి. మెదడు అలలు మారుతున్నాయా? మనిషికి మేలు కలుగుతోందా?

మొదటి ప్రశ్నకు, బైనారల్ బీట్స్ వరకు, జవాబు తికమకగానే ఉంది. 2023లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 14 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసింది. 5 అవునన్నాయి, 8 వ్యతిరేకంగా వచ్చాయి, 1 అటూ ఇటూ కాకుండా ఉంది. ఒక్కొక్కరూ ఒక్కో వేగం, ఒక్కో నిడివి, ఒక్కో కొలత వాడారు. వాటిని కలిపి ఒక మాట చెప్పడమే కష్టం.

రెండో ప్రశ్నకు కాస్త ఆశ ఉంది. 22 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన 2019 నాటి విశ్లేషణలో ఆందోళన, నొప్పి, జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల మీద ఒక మోస్తరు ప్రభావం కనిపించింది. నాకు నచ్చిన అధ్యయనం 2005లో బ్రిటన్‌లో జరిగింది. ఆపరేషన్‌కు ముందు టెన్షన్‌తో ఉన్న 108 మందిని మూడు గుంపులు చేశారు. బైనారల్ బీట్స్ కలిపిన ఆడియో విన్నవాళ్లలో ఆందోళన స్కోరు 26.3 శాతం తగ్గింది. బీట్స్ లేకుండా అదే ఆడియో విన్నవాళ్లలో 11.1 శాతం, ఏమీ విననివాళ్లలో 3.8 శాతం తగ్గింది. బీట్స్ తీసేసిన అదే ఆడియోతో పోల్చారు చూడండి, అది మంచి పద్ధతి. మామూలు సంగీతానికీ బీట్స్‌కీ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది. చాలా యాప్‌లు "మా యూజర్లలో ఇంతమందికి మేలు" అని చెప్తాయి గానీ, ఈ పోలిక ఎప్పుడూ చూపించవు.

మొత్తం మీద నా అభిప్రాయం: ఆందోళన తగ్గించుకోవడానికి వినొచ్చు, ఆధారం కొంత ఉంది. ఫలానా హెర్ట్జ్ వింటే ఫలానా స్థితి వస్తుందన్న లెక్క మాత్రం నిలబడలేదు.

ఎవరేమన్నా నాకు పనిచేస్తోంది. అది అబద్ధమా?

మీ అనుభవం నిజమే, దానికి కారణం ఏమిటన్నదే ప్రశ్న. అరగంట ఫోన్ పక్కన పెట్టి, లైటు ఆపి, కళ్లు మూసుకుని పడుకున్నారు. ఆల్ఫా పెరగడానికి కళ్లు మూసుకోవడం ఒక్కటే చాలు! పైగా "ఇప్పుడు మనసు నెమ్మదిస్తుంది" అన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి, అంటే ప్లసీబోకు, ఆందోళన విషయంలో మంచి బలమే ఉంది. నష్టం లేనప్పుడు మానాల్సిన పని లేదు. ఏడాదికి వేల రూపాయల సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు మాత్రం, బీట్స్ లేని మామూలు వాన చప్పుడుతో ఒక వారం ప్రయత్నించి చూడండి.

ఓంకారం, జపం, భజన, ఇవి కూడా ఎంట్రైన్‌మెంటేనా?

వాటి మీద దొరికిన గట్టి ఆధారం బ్రెయిన్‌వేవ్స్ వైపు నుంచి కాదు, ఊపిరి వైపు నుంచి వచ్చింది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెర్నార్డీ బృందం ఒక చక్కటి ప్రయోగం ప్రచురించింది. 23 మందితో లాటిన్‌లో క్రైస్తవుల జపమాల ప్రార్థన చేయించారు, "ఓం మణి పద్మే హుం" మంత్రమూ జపింపజేశారు. రెండింటికీ భాష వేరు, మతం వేరు. రెంటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు 6 సార్లకు నెమ్మదించింది. ఆ వేగంలో గుండె లయ, రక్తపోటు హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి కుదిరి, రక్తపోటును సర్దే వ్యవస్థ చురుగ్గా మారింది.

అంటే వినడం కన్నా పలకడంలో లాభం ఎక్కువ ఉండొచ్చు. సహస్రనామం తెలిసిన అమ్మమ్మలు ఒక గుక్కలో ఎంత చదువుతారో గమనించండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే ఆ ఊపిరి కసరత్తు జరగదు.

నిద్రకు డెల్టా మ్యూజిక్ వింటే మంచిదేనా?

రాత్రంతా మోగే డెల్టా ట్రాక్ వల్ల గాఢనిద్ర పెరుగుతుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. నిద్ర విషయంలో ఆసక్తికరమైన పని వేరే చోట జరిగింది. 2013లో జర్మనీలో యాన్ బోర్న్ తదితరులు, నిద్రపోతున్నవాళ్ల ఈఈజీని అప్పటికప్పుడు చదువుతూ, నెమ్మదైన డెల్టా అల పైకి లేచే క్షణానికి సరిగ్గా చిన్న శబ్దం వినిపించారు. అలలు బలపడ్డాయి, రాత్రి నేర్చుకున్న పదాలు పొద్దున బాగా గుర్తున్నాయి. అలతో సంబంధం లేని సమయాల్లో వినిపిస్తే ఆ లాభం రాలేదు. యూట్యూబ్ వీడియోకు మీ మెదడు ఏ క్షణంలో ఎక్కడుందో తెలియదు, తేడా అంతా అక్కడే.

ఇంకో సంగతి. 2019లో జెనీవా పరిశోధకులు పెద్దవాళ్లను మెల్లగా ఊగే మంచం మీద రాత్రంతా పడుకోబెట్టారు. నాలుగు సెకన్లకు ఒక ఊపు. స్థిరమైన మంచం మీదకన్నా త్వరగా నిద్రపట్టింది, గాఢనిద్రా పెరిగింది. ఉయ్యాల్లో పిల్లల్ని జోకొట్టే మనవాళ్లకు ఇది ఆశ్చర్యమేమీ కాదు, పెద్దవాళ్లకూ పనిచేస్తుందన్నదే కొత్త.

చదువుకునేటప్పుడు?

చుట్టూ గోల ఉంటే ఆ గోలను కప్పేయడానికి ఏ స్థిరమైన శబ్దమైనా సాయపడుతుంది. మాటలున్న పాట కన్నా మాటల్లేని శబ్దం మేలు, చదివే మాటలతో అది పోటీపడదు. ట్రాకులు మారుస్తూ కూర్చుంటే చదువు సాగదు, అది వేరే సంగతి.

40 హెర్ట్జ్ శబ్దంతో అల్జీమర్స్ తగ్గుతుందట, నిజమా?

2016లో ఎంఐటీలో లీ హ్యుయే సాయ్ బృందం, అల్జీమర్స్ తరహా జబ్బున్న ఎలుకలకు 40 హెర్ట్జ్‌లో మిణుకుమనే వెలుగు చూపిస్తే మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గిందని ప్రకటించింది. 2019లో అదే వేగంతో శబ్దం వాడి అలాంటి ఫలితమే చెప్పింది. 2023లో న్యూయార్క్‌లో గ్యోర్గీ బుజాకీ బృందం వెలుగు ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. మనుషుల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. ఇంట్లో మతిమరుపుతో బాధపడే పెద్దవాళ్లుంటే, ఈ పేరుతో యూట్యూబ్ వీడియో పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి.

432 హెర్ట్జ్, 528 హెర్ట్జ్, 7.83 హెర్ట్జ్?

432 అనేది సంగీతంలో శృతి కొలత. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే 440 కన్నా కాస్త కిందిది, అంతకుమించి మహిమ ఏమీ లేదు. 528 డీఎన్ఏను బాగుచేస్తుందన్నది వట్టి ప్రచారం. 7.83 మరీ తమాషా. అది భూమికీ అయనావరణానికీ (వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పై పొరకు) మధ్య మెరుపుల వల్ల ఏర్పడే విద్యుదయస్కాంత తరంగాల పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని అలలు అన్న లెక్క, శబ్దం కానే కాదు. అంకె కనిపిస్తే చాలు, శాస్త్రం అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

"డిజిటల్ డ్రగ్స్" అని వార్తల్లో వస్తోంది. పిల్లల గురించి భయపడాలా?

మత్తు ఎక్కదు. 2021లో 22 దేశాల్లో దాదాపు 30 వేల మందిని అడిగిన ఒక సర్వేలో సుమారు 5 శాతం మంది ఆ ఏడాది బైనారల్ బీట్స్ విన్నామన్నారు. వాళ్లలో ఎక్కువమంది నిద్ర కోసం, విశ్రాంతి కోసం విన్నవాళ్లే. డ్రగ్స్ తరహా అనుభవం కోసం విన్నవాళ్లు 12 శాతం లోపే. పిల్లలు ఆ పేరుతో వెతుకుతున్నారంటే, శబ్దం గురించి కాదు, ఎందుకు వెతుకుతున్నారో దాని గురించి మాట్లాడండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

మూర్ఛ, అంటే ఫిట్స్, ఉన్నవాళ్లు ముందు న్యూరాలజిస్టును అడగాలి. ముఖ్యంగా శబ్దంతోపాటు మిణుకుమనే వెలుగులున్న వీడియోల జోలికి అసలు పోకూడదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక పిల్లల కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మెరిశాయి. దాదాపు 685 మంది పిల్లల్ని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వెలుగు చేసే ఎంట్రైన్‌మెంట్ శబ్దం చేసేదానికన్నా చాలా బలమైనది.

డ్రైవింగ్ చేస్తూ, యంత్రాల దగ్గర పనిచేస్తూ నిద్రమత్తు ట్రాకులు వినకండి. వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. రాత్రంతా చెవిలో పెట్టుకుని పడుకుంటే ఒక్క వారంలోనే ఆ 40 గంటలు దాటిపోతారు, కాబట్టి శబ్దం బాగా తగ్గించుకోవాల్సిందే. ఆందోళనకో డిప్రెషన్‌కో మందులు వాడుతున్నవాళ్లు ఈ ట్రాకుల్ని నమ్ముకుని ఆ మందుల్ని ఆపేయవద్దు.

బైనారల్ ట్రాక్‌ను ఫోన్ స్పీకర్ మీదో టీవీలోనో వింటే?

రెండు స్వరాలూ గదిలోని గాలిలోనే కలిసిపోతాయి, మీకు వినిపించేది మోనారల్ బీట్. పాడైందేమీ లేదు, పైన చెప్పినట్టు మెదడు దానికే ఇంకాస్త గట్టిగా స్పందిస్తుంది. ఒక చెవికే ఇయర్‌బడ్ పెట్టుకుంటే మాత్రం బీట్ ఏమీ ఉండదు. ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ అయి ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే రెండు చెవులకూ ఒకే మిశ్రమం వెళ్తుంది, బైనారల్ అని డబ్బు కట్టింది మోనారల్‌కే అవుతుంది.